బాబాయి తోక ఇంగ్లీషు

మా బాబాయి నోట వినపడే ఇంగ్లీషు ముక్కలు నాలుగే నాలుగు. బిఫోర్, వైల్, ఆఫ్టర్, వెన్. ఆ నాలుగింట్లో ఏదో ఒకటి ముందు పెట్టి, చేసే పనికి వెనక 'ఇంగ్' అనే తోక తగిలించకుండా ఆయన ఒక్క ఇంగ్లీషు వాక్యం మాట్లాడగా నేను వినలేదు. ఆ నాలుగు ముక్కలతోనే ఇల్లు నడిపాడు, నలభై మంది పనిచేసే లాండ్రీ నడిపాడు, ఒకసారి పళ్ళ డాక్టరుతో పేచీ పెట్టుకుని గెలిచాడు కూడా. ఆ డాక్టరు గడగడా ఇంగ్లీషులో ఏదో చెప్పి పట్టకారు తీసేసరికి బాబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "బిఫోర్ పుల్లింగ్, షోయింగ్" అన్నాడు. డాక్టరు విసుక్కుంటూనే అద్దం పెట్టి చూపించబోయాడు. తీరా చూస్తే ఆయన పీకబోయింది పక్క పన్ను.

నేను ఆయనకి అన్నగారి అమ్మాయిని. ఎమ్మే ఇంగ్లీషు చదివి, చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క, రెండేళ్ళ కిందట ఆయన సూపర్‌వైజరుగా ఉన్న లాండ్రీలోనే చేరాను. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే దుప్పట్లూ తువ్వాళ్ళూ కలిసిపోకుండా మూలన గుర్తులు వెయ్యడం నా పని. ఉండడం కూడా వాళ్ళింట్లోనే. ఇంట్లో ఆయన, బస్సులో ఆయన, పనిలో ఆయన. నా ఖర్మ ఎలా కాలిందో మీరే ఊహించుకోండి.

నేను వెళ్ళేసరికే ఆ ఇంట్లో గోడలకి రంగేమిటో తెలిసేది కాదు, అన్నీ అట్టముక్కలే. గడ్డం గీసుకునే అద్దం పక్కన 'వైల్ షేవింగ్, నో సింగింగ్' అని ఉండేది. అది ఆయన తనకి తనే రాసుకున్నది, ఒక పాట మధ్యలో చెంప తెగిన రోజున. ఫ్రిజ్ మీద 'బిఫోర్ ఓపెనింగ్, థింకింగ్' అని ఉండేది. నేను బుద్ధిగా పిడి పట్టుకుని ఆలోచిస్తూ నిలబడేదాన్ని, పిన్ని వచ్చి ఏం కావాలే అనడిగేసరికి ఏం కావాలో మరిచిపోయేదాన్ని. పడక గదిలో పిన్ని వైపు గోడకి 'ఆఫ్టర్ లైట్ ఆఫింగ్, నో టాకింగ్' అని ఒకటి అంటించాడు. మర్నాడు పిన్ని దాన్ని పీకి ఆయన వైపు అంటించి, గురక కూడా మాటల కిందికే వస్తుందని కింద చేర్చింది.

ప్రతి అట్ట మీదా ఒక బొమ్మ కూడా ఉండేది. బాబాయి వేసే మనిషికీ సొరకాయకీ పెద్ద తేడా ఉండదు. పోనీ, రాసి, బొమ్మ వేసి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. దాని పక్కనుంచి నడిచిన ప్రతిసారీ పైకి చదువుతాడు. వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వచ్చేలోపు తొమ్మిది అట్టలు, తొమ్మిది పాఠాలు. వచ్చిన చుట్టాలు మంచినీళ్ళు అడగడానికి కూడా జంకేవాళ్ళు.

ఒకరోజు బస్సులో ఉండబట్టలేక అడిగాను, ఇంగ్లీషులో ఐ అనీ యూ అనీ హి అనీ కూడా ఉన్నాయి కదా, అవేం పాపం చేశాయని.

"వాటితో పేచీ అమ్మాయ్," అన్నాడు. "హి అంటే ఒకలా, దే అంటే ఇంకోలా. నిన్న జరిగితే ఒకటి, రేపు జరిగేదానికి ఇంకొకటి. ఇదనుకో, ముందు బిఫోర్ పెట్టావు, వెనక తోక తగిలించావు, అయిపోయింది. ఆడా మగా, ఒకరా వందమందా, నిన్నా రేపా, ఏ గొడవా లేదు."

"అది సగం వాక్యమే బాబాయ్. రెండో సగానికి తోక పనికిరాదు. అక్కడ మామూలుగానే చెప్పాలి."

"ఒక సగానికి తోక పెట్టి రెండో సగానికి పెట్టకపోతే అది చిన్నబుచ్చుకోదూ?"

ఇంతలో కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగితే బాబాయి "బిఫోర్ టికెటింగ్, సిట్టింగ్" అని ఖాళీ సీటు కోసం చుట్టూ చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈయనెవరో నాకు తెలియనట్టు కూచున్నాను.

ఇంట్లో ఇది ఒక వంతయితే లాండ్రీలో పది వంతులు. లోపలికి అడుగుపెడితే ఆవిరి, సబ్బు వాసన, మిషన్ల హోరు. గుండ్రటి గాజు తలుపులున్న ఉతికే మిషన్లు ఒక వరస, ఆరబెట్టేవి ఒక వరస, ఆ చివర కాలే పలకలు రెండు దభీమని మూసుకునే ప్రెస్ మిషన్లు. ప్రతి తలుపు మీదా, ప్రతి మీట మీదా, ప్రతి డబ్బా మీదా అట్ట, అట్ట మీద సొరకాయ మనిషి. పనివాళ్ళు ఆయనకి ఇంగ్ సార్ అని పేరు పెట్టారు. ఎదురుగానే అలా పిలిచేవాళ్ళు, ఆయనా పలికేవాడు.

అన్నిటికంటే పెద్ద హింస గేటు పాఠం. ఉదయం ఏడున్నరకి బాబాయి గేటు దగ్గర స్టూలు వేసుకుని ముద్ర పట్టుకుని కూచునేవాడు. లోపలికొచ్చే ప్రతివాళ్ళూ పనికి సంబంధించిన బిఫోరో వైలో ఒకటి గట్టిగా చెబితేనే హాజరు కార్డు మీద ముద్ర పడేది. తోచనివాళ్ళు పక్కకి నిలబడి ముగ్గురివి విని, అప్పుడు చెప్పాలి. మూటలు తీసుకెళ్ళే బండి డ్రైవరు ఏడాది పొడుగునా ఒక్కటే చెప్పాడు.

"వైల్ డ్రైవింగ్, డ్రైవింగ్."

"అంతేనా?" అనేవాడు బాబాయి.

"అప్పుడు ఇంకేం చేస్తాను సార్."

బాబాయి కాసేపు ఆలోచించి ముద్ర వేసేవాడు. టై కట్టుకొచ్చే మేనేజరు కూడా ఒకరోజు తొందరలో కారు దిగి వస్తూ, "బిఫోర్ మీటింగ్, నో ఈటింగ్" అని ఆయాసపడుతూ చెప్పేసి, తనకి కార్డే లేదని ఆ తర్వాత గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ప్రెస్ మిషను మీద పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ ఉండేది. అందరూ ప్రెస్సక్క అనేవాళ్ళం. రోజూ అందరికంటే ముందు వచ్చి, గోడవారగా నిలబడి నలభై మంది చెప్పేవీ విని, చిట్టచివర తను చెప్పేది. గొంతు పైకి లేచేది కాదు కానీ ఎప్పుడూ తడబడలేదు. ఎంత ఓపికో ఈవిడకి అనుకునేదాన్ని నేను.

ఇంకోసారి ఒక హోటలువాళ్ళు ఫోన్ చేసి పన్నెండు దుప్పట్లు తక్కువొచ్చాయని ఇంగ్లీషులో చిందులు తొక్కారు. నేను బతిమాలుతుంటే బాబాయి ఫోన్ లాక్కున్నాడు. "బిఫోర్ షౌటింగ్, కౌంటింగ్," అన్నాడు. అవతలాయన ఇంకా ఏదో అంటుంటే, "వైల్ కౌంటింగ్, వెయిటింగ్" అని ఫోన్ పెట్టెయ్యకుండా బల్ల మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు. పావుగంట తర్వాత ఫోన్లోంచి సన్నగా సారీ అని వినపడింది. "సారీయింగ్," అని దిద్ది అప్పుడు పెట్టేశాడు.

ఇలా ఎన్నాళ్ళు భరిస్తాం చెప్పండి. ఒకరోజు గేటు బయట నేను వరసలో ఉండగా వాన మొదలైంది. ముందున్న డ్రైవరుని బాబాయి ఆ రోజే కొత్తది చెప్పమని పట్టుబట్టాడు. ఆయన గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డాడు. నేను నిలువునా తడిసిపోయాను. ఒళ్ళు మండి, మధ్యాహ్నానికల్లా గేటు పాఠం ఎత్తెయ్యాలని మేనేజరుకి అర్జీ రాసి సంతకాలకి తిరిగాను. నాలుగు పేరాల అర్జీ, మంచి ఇంగ్లీషు. ముప్ఫై నాలుగు మంది సంతకాలు పెట్టారు. ప్రెస్సక్క చేతులకి తడి ఉంది, తర్వాత చూద్దాంలే అంది. డ్రైవరు ఇంజను ఆపకుండానే వెళ్ళిపోయాడు. మర్నాడు పాఠం రద్దయింది. బాబాయి మేనేజరు రాసిన కాయితం చదివి, స్టూలు మడిచి చంకలో పెట్టుకుని, లోపలికి పోయాడు. నేను గెలిచానన్న సంతోషంతో రెండు కప్పుల టీ తాగాను.

సరిగ్గా అదే వారం ఇంకో కబురొచ్చింది. పాత మిషన్ల చోట కొత్తవి వస్తున్నాయి. పదిరోజుల్లో ఆ కంపెనీ మనిషి వచ్చి, మిషను మీద పనిచేసే ఒక్కొక్కరినీ జాగ్రత్తల గురించి ప్రశ్నలు అడుగుతాడు. ఆయనకి మన భాష రాదు, ప్రశ్నలూ జవాబులూ అన్నీ ఇంగ్లీషులోనే. సరిగ్గా చెప్పినవాళ్ళకి కార్డిస్తారు. కార్డు లేనివాళ్ళు మిషను దగ్గరికి రాకూడదు. వెనక షెడ్డులో మాసిన బట్టలు ఏరే పనికి ఇద్దరు ముగ్గుర్ని తీసుకుంటారు, మిగిలినవాళ్ళు ఇంటికే.

నేను కూచుని ఆ జాగ్రత్తలన్నీ శుభ్రమైన ఇంగ్లీషులో పన్నెండు పేజీలు రాసి, అందరికీ తలో కాపీ పంచాను. అందులో ప్రతి వాక్యానికీ రెండు సగాలూ ఉన్నాయి, తోక ఎక్కడుండాలో అక్కడే ఉంది. బాబాయి చూసి చాలా బావుందమ్మాయ్ అన్నాడు. పాఠం రద్దయిన దగ్గర్నుంచీ ఆయన ఇంగ్లీషు మాట్లాడలేదు. అట్టల పక్కనుంచి నోరు మూసుకుని నడిచేవాడు. పిన్ని భయపడి జ్వరం చూసింది.

నాలుగో రోజు ప్రెస్సక్క నేను గుర్తులు వేసే గదికి వచ్చింది. నేనిచ్చిన పన్నెండు పేజీలూ మడత నలక్కుండా నా బల్ల మీద పెట్టింది.

"ఇవి నాకొద్దమ్మా. ఆ గేటు పాఠం మళ్ళీ పెట్టించు."

"అక్కడ చెప్పేవే అక్కా ఇవి. ఇంకా బాగా రాశాను."

"బాగానే రాసుంటావు. నాకు చదవడం రాదు. ఇంగ్లీషే కాదు, ఏదీ రాదు."

తలుపు వైపు ఒకసారి చూసుకుని మిగతాది మెల్లిగా చెప్పింది. మూడేళ్ళ కిందట డబ్బాలు మారాయట. మరకలు పోయే మందూ, బట్ట మెత్తబడే మందూ ఒకేలాంటి డబ్బాల్లో వచ్చాయి. ఆ రోజు ఉతికే మిషను మనిషి రాకపోతే ఈవిడే మందు పోసింది. ఆస్పత్రి వాళ్ళ ఆకుపచ్చ గౌన్లు అరవై తెల్లమచ్చలతో బయటికొచ్చాయి. బాబాయి పరిగెత్తుకొచ్చి, డబ్బా మీద ఏముందో చదవమన్నాడు. ఆవిడ డబ్బా వైపు చూస్తూ నిలబడింది. ఆయన ఇంకొక మాట అడగకుండా డబ్బా తీసుకుని, నేనే పోశానని మేనేజరుతో చెప్పి చివాట్లు తిన్నాడు. నాలుగో రోజుకి డబ్బాల మీద బొమ్మలొచ్చాయి, గేటు దగ్గరికి స్టూలొచ్చింది.

"నాకొక్కదానికే నేర్పితే పక్కవాళ్ళు ఎందుకని అడుగుతారు కదమ్మా. అందుకని నలభై మందికీ పెట్టాడు. ఆయన నాతో ఎప్పుడూ ఏం అనలేదు, నేనూ అడగలేదు. అంత పొడుగు వాక్యాలయితే చెవితో పట్టుకోలేనని ఆ రెండు ముక్కల పద్ధతి కనిపెట్టాడు. మూడేళ్ళు విని విని అన్నీ నోటికొచ్చాయి. ఇప్పుడు పరీక్ష ముందు ఆపేశారు. భయంగా ఉంది. ఈ వయసులో నేనింకో పని ఎక్కడ వెతుక్కోను?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళి, అర్జీ నాదే, బుద్ధిలేక రాశాను, పాఠం మళ్ళీ మొదలుపెట్టించండి అన్నాను. కారణం అడిగితే నా ఇంగ్లీషు పాడవుతోందని ఏదో వాగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చాడు. "మీ ఇంట్లోవాళ్ళంతా ఈ పరీక్ష గురించి తెగ కంగారు పడుతున్నారేం? ఇది చూడు," అన్నాడు.

మిషన్ల కంపెనీకి రాసిన ఉత్తరం కాపీ అది. పరీక్ష కాయితం మీద పెట్టాలనుకున్నారట మొదట. పనివాళ్ళ చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయనీ, ఆవిరికి కాయితాలు నిలవవనీ, అందుచేత నోటితో అడగడమే ఉత్తమమనీ అందులో ఉంది. ఒకటిన్నర పేజీ, తప్పు పట్టడానికి కామా కూడా దొరకని ఇంగ్లీషు. కింద మా బాబాయి సంతకం. రెండేళ్ళుగా నేను ఈ పెద్దమనిషికా వ్యాకరణం చెబుతున్నాను అనుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

ఆ సాయంత్రం పిన్నిని అడిగాను, ఈ తోక ఇంగ్లీషు ఎప్పట్నుంచని. "మూడేళ్ళయింది," అంది పిన్ని. "అంతకుముందు శుభ్రంగా మాట్లాడేవాడు. ఏ మిషను తలుపో తలకి తగిలిందేమో అనుకుని నేనే అడగలేదు." ఇంట్లో అట్టలు ఎందుకంటే, ముందు ఇక్కడ రాసి చూసుకుని బాగున్నవి లాండ్రీకి పట్టుకెళ్ళేవాడని చెప్పింది.

బాబాయి పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ప్రెస్సక్కకి చదవడం రాదని నీకు తెలుసు కదూ?"

"ఎవరు చెప్పారు? ఆవిడకి రాకపోవడమేమిటి? నాకు తెలీదే."

"మరి ఆ కంపెనీకి ఉత్తరం?"

"ఏ ఉత్తరం?" అని చక్రం అవతలి వైపుకి వెళ్ళి, "వైల్ క్లీనింగ్, నో ఆస్కింగ్," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన మొదటి ఇంగ్లీషు అది. ఆ మనిషిని కొట్టాలో కావలించుకోవాలో తెలియలేదు నాకు.

మేనేజరు సరేననడంతో, మర్నాడు ఉదయం స్టూలు నేనే పట్టుకెళ్ళి గేటు దగ్గర వేశాను. సంతకాలు పెట్టినవాళ్ళు నన్ను నానా మాటలూ అన్నారు. పడ్డాను. పరీక్ష దాకా రోజుకి రెండుసార్లు పాఠం, వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. నేను కూడా వరసలో నిలబడి, ఎమ్మే అన్న సంగతి మరిచిపోయి, "బిఫోర్ మార్కింగ్, ఇంక్ షేకింగ్" అని గట్టిగా అరిచాను.

పరీక్ష బట్టలు మడతపెట్టే హాలులో జరిగింది. కంపెనీ ఆయన ఆవిరికి చెమటలు కక్కుతూ ఒక్కొక్కరినే పిలిచాడు. మేమందరం చుట్టూ బల్లల దగ్గర పని చేస్తున్నట్టు నటిస్తున్నాం. ప్రెస్సక్క అలవాటు ప్రకారం చిట్టచివర వెళ్ళింది. మిషను మూసే ముందు ఏం చేస్తావని అడిగాడాయన.

"బిఫోర్ క్లోజింగ్, ఫింగర్స్ లుకింగ్."

పని జరుగుతున్నప్పుడు?

"వైల్ ప్రెస్సింగ్, నో టాకింగ్. నో టర్నింగ్."

ఆగిపోయాక?

"ఆఫ్టర్ స్టాపింగ్, ట్వంటీ కౌంటింగ్. ఆఫ్టర్ కౌంటింగ్, టచింగ్."

ఆయన తలూపుతూ రాసుకుంటున్నాడు. నేను ఊపిరి పీల్చుకోబోయాను. ఇంతలో ఆయన తలెత్తి, పైన వెళ్ళే ఆవిరి గొట్టం చూపించి, అది పగిలితే ఏం చేస్తావన్నాడు. దానికి అట్ట లేదు. మూడేళ్ళలో ఒక్క పాఠమూ లేదు. బాబాయి దుప్పట్ల బండి వెనక నిలబడి తన నోరు తనే చేత్తో మూసుకున్నాడు. ప్రెస్సక్క గొట్టం వైపు చూసింది. మా అందరి వైపూ చూసింది.

"వెన్ పైప్ బ్రేకింగ్," అంది మెల్లిగా, "స్విచ్ ఆఫింగ్. రన్నింగ్. వైల్ రన్నింగ్, షౌటింగ్."

ఏమని అరుస్తావన్నాడాయన.

"ఆల్ పీపుల్ రన్నింగ్, షౌటింగ్."

ఆయన కలం పక్కన పెట్టేసి నవ్వాడు. ఇదివరకు వెళ్ళిన లాండ్రీల్లో ఇది అడిగితే అందరూ స్విచ్ ఆపి మేనేజరుకి చెబుతామన్నారట, పక్కవాళ్ళని కూడా పరిగెత్తమని అరుస్తానన్నది ఈవిడ ఒక్కతేనట. కార్డు మీద ముద్ర గుద్ది చేతికిచ్చాడు. హాలంతా చప్పట్లు. బాబాయి మాత్రం బండి వెనక దుప్పటి తీసి ముక్కు తుడుచుకున్నాడు. అది ఉతికిన దుప్పటి, నేను మళ్ళీ ఉతకడానికి వేయించాల్సొచ్చింది.

ప్రెస్సక్క కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అప్పుడు, పద్దెనిమిదేళ్ళలో ఎవరూ వినని గట్టి గొంతుతో, "ఇందులో ఏం రాసుందో ఎవరన్నా చదివి చెప్పండి. నాకు చదవడం రాదు," అంది.

ఎవరూ నవ్వలేదు. నేను వెళ్ళేలోపు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేను చెబుదును కానీ అక్కా, నాకూ రాదు. బోర్డుల రంగులు గుర్తుపెట్టుకుని బండి తిప్పుతున్నా." మడతల దగ్గర్నుంచి ఇంకొకావిడ, మూటలు మోసే అన్నదమ్ములిద్దరూ చేతులెత్తారు. బాబాయి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆయన ఒక్కరి కోసం అనుకున్నాడు, లెక్కకి ఐదుగురు తేలారు.

"ఎమ్మే చదివింది నువ్వేగా," అన్నాడు నాతో.

సోమవారం నుంచి పని అయిపోయాక ఓ అరగంట మడతల బల్ల దగ్గర మొదలుపెట్టాం. మన అక్షరాలు ముందు, ఇంగ్లీషు తర్వాత. మొదటిరోజు ఐదుగురూ నోటు పుస్తకాలు తెరిచి, ఒకరినొకరు చూసుకుంటూ, పెన్సిలు కదపకుండా కూచున్నారు. పెద్దవాళ్ళు కదా, తప్పు రాస్తే పరువు పోతుందని భయం. అప్పుడు బాబాయి కొత్త నోటు పుస్తకంతో వచ్చి, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూచున్నాడు. అందరికంటే ముందు 'అ' రాశాడు, పూర్తిగా తిరగేసి. డ్రైవరు అది చూసి, నేను బోర్డు మీద రాసింది చూసి, మళ్ళీ అది చూశాడు. "అటు కాదు సార్, ఇటు తిప్పాలి," అని ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించాడు.